టేపులో దెబ్బలు తిన్న మనిషి

మా మనవరాలు ఫోన్లో పాత బాక్సింగ్ పోటీ చూస్తూ, జడ్జీలు అన్యాయం చేశారంటూ మళ్లీ మొదటికి తిప్పింది. నాలో పాత భయం కదిలింది.

మా కొండ ఊళ్లో పెద్దల తీర్పు ఎవరికైనా నచ్చకపోతే, తగవు పడ్డ ఇద్దరినీ మళ్లీ నిలబెట్టి మొదటి నుంచి విచారించేవారు. నా చిన్నప్పుడు మావ అరకు సంత నుంచి టీవీ, వీసీఆర్, ఒక బాక్సింగ్ టేపు అద్దెకు తెచ్చాడు. చూసిన ప్రతిసారీ అయ్యకూ మావకూ తీర్పు దగ్గరే పేచీ.

"నల్ల నిక్కరోడే గెలిసినాడు బావా. జడ్జీలు సెప్పలేదేటి?" అన్నాడు మావ.

"ఆలకేటి తెలుసు? ఎర్ర నిక్కరోడిదే గెలుపు. మళ్లీ ఎయ్యి."

అయ్య ఒప్పుకోనందుకే ఆ ఇద్దరి చేతా మళ్లీ కొట్లాడిస్తున్నారనుకున్నాను. ఎర్ర నిక్కరు మనిషికి అప్పటికే ఒక కన్ను మూసుకుపోయింది.

"ఒప్పేసుకో అయ్యా. ఆడు సచ్చిపోతాడు."

"ఈ గుంట కూడా జడ్జీ అయిపోనాది," అని అయ్య నన్ను చూసి నవ్వాడు.

మావ టేపు వెనక్కి తిప్పాడు. కారిన నెత్తురు ముక్కులోకి వెళ్లిపోయింది. వాచిన కన్ను తెరుచుకుంది. మళ్లీ కొట్టడానికే అతన్ని బాగుచేస్తున్నారని నాకు అర్థమైంది. గంట మోగగానే అతను లేచాడు.

టేపంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఎందుకు లేచావని మాత్రం అతన్ని ఇప్పటికీ అడగాలనిపిస్తుంది.