రోంత జరగప్పా

మా పెద్ద సిస్టర్ పోయారు. మొన్న ఉదయం డ్యూటీ మారే వేళకు, సండూరు దగ్గరి మా సర్కారు ఆసుపత్రిలో, ఆవిడ జీవితమంతా పనిచేసిన వార్డులోనే.

గనుల జోరు మొదలయ్యాక ఊళ్లో మేడలు లేచాయి. లారీ గుద్దినవాళ్లు, దుమ్ముకు దగ్గేవాళ్లు మా దగ్గరికి వచ్చారు. వార్డుకు మాత్రం ఒక్క మంచం పెరగలేదు, ఒక్క నర్సు రాలేదు. ఒక మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టేవాళ్లం. అప్పుడు ఆవిడ నోట ఒకటే మాట: "రోంత జరగప్పా, ఇంగొకాయన వస్తాండాడు." రోంత అంటే మా వైపు కొంచెం. రోగులు గొణుక్కుంటూనే జరిగేవాళ్లు. ఆవిడకు రోంత సిస్టర్ అని పేరే పడిపోయింది.

మిషన్ చర్చి కుటుంబం వాళ్లది. డ్యూటీ ఎక్కేముందు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. దేవుణ్ణి ఏం అడుగుతారు అంటే, ఇంకో నర్సును పంపమని, పైఆఫీసర్లను అడిగి అడిగి విసుగొచ్చిందని నవ్వేవారు. ఒకసారి గని యజమాని ఒకాయన వచ్చి ఏం కావాలని అడిగితే ఆయన్నూ అదే అడిగారు. ఆయన తన ఫొటో ఉన్న గోడ గడియారం పంపాడు. టైము చూసుకునే తీరిక మాలో ఎవరికుంది!

ఒక లారీ డ్రైవరు చనిపోయినప్పుడు అతని వాళ్లు ఆవిడ చెంప మీద కొట్టారు. నేను ఏడుస్తుంటే ఆవిడే నన్ను ఊరుకోబెట్టారు.

"వాళ్ల కంటికి ఆనేది మనమే పాపా. పైనోళ్లు యాడ కనపడతారు?"

మర్నాడు మామూలుగా డ్యూటీకి వచ్చారు. రాకపోతే వార్డులో నేనొక్కదాన్నే మరి.

తర్వాత ఆవిడకూ దగ్గు పట్టుకుంది. సెలవు అడిగితే బదులు మనిషి లేరన్నారు. దగ్గుతూనే సూదులు వేశారు. చివరికి వార్డులోనే కూలబడితే అక్కడే చేర్చుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈ మంచం మీ ఒక్కరిదే, సరిగా పడుకోండి అని పోరాను. ఆవిడ అంచుకే ఒదిగి పడుకున్నారు.

"అలవాటైపోయిండాదిలే పాపా. ఎవురన్నా వస్తే యాడ పండుకుంటారు?"

మొన్న నేను ఆవిడ ముఖం మీద దుప్పటి కప్పుతుండగానే గుమ్మంలో స్ట్రెచర్ ఆగింది. ఇంకెక్కడా ఖాళీ లేదు. అలవాటుకొద్దీ "రోంత జర..." అని నా నోట వచ్చి ఆగిపోయింది. ఆవిడ ఎప్పుడో జరిగి ఉన్నారు. సగం మంచం ఖాళీగానే ఉంది.