మూడో పాదం

నాలుగు నెలల కిందటి వరకు మా ఇంట్లో పొద్దు పద్యంతో మొదలయ్యేది. మా ఆయన గుర్రప్ప ఆవు దగ్గర కూర్చుని పాలు పిండుతుంటే, మా కూతురు శోభన పక్కన నిలబడి పుస్తకంలోని పద్యం ఒక్కో పాదమే చదివేది. ఆయనకు చదువు రాదు. వయసులో వీధి నాటకాలకు వేషం కట్టినవాడు. విన్న పాదానికి నాటకం వరస కట్టి తిరిగి పాడేవాడు. ఆ వరసతోనే పద్యం శోభనకు నోటికి వచ్చేది. ఆయన పోయాక పాలు నేనే పిండుతున్నాను, మాట లేకుండా.

శోభనకు ఇరవై ఏడేళ్లు. ఉద్దనపల్లిలో బస్సెక్కి రోజూ హోసూరు కంపెనీకి పోతుంది, ప్యాకింగ్ పనికి. ఆ పని చేసుకుంటూనే దూరవిద్యలో తెలుగు బి.ఏ. కట్టింది. అన్నీ పాసయింది. పాత పద్యాల పేపరు ఒక్కటి రెండుసార్లు పోయింది; ఆ తర్వాతే నాయన వరస పట్టుకుంది. ఈసారీ పోతే గడువు దాటిపోతుంది, మళ్లీ మొదటినుంచి చదవాలి. తెలుగు టీచరు కావాలన్న దాని ఆశకు ఇదే ఆఖరు.

ఆయన పోయిన నెలలోనే ఒకనాడు పద్యం ఎత్తుకుంది. "ఏడాది కాకుండా ఇంట్లో పాట వద్దమ్మా" అన్నాను. పుస్తకం మూసేసింది.

పరీక్ష పది రోజులుందనగా దాని నోటుపుస్తకం తెరిచాను. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని, కూడబలుక్కుని చదివాను. ప్రతి పద్యానికీ రెండు పాదాలు రాసి ఉన్నాయి. మూడో పాదం నుంచి ఖాళీ.

"ఇదేమమ్మా, ఇట్ల విడిచిపెట్టినావు?"

"పాడితే వస్తాదమ్మా. ఊరికే రాస్తే ఆడ నిలిచిపోతాది."

"పాడుకోలేకపోయినావా?"

"నువ్వే గదా వద్దంటివి."

ఆచారం ఉన్నమాట నిజమే. కాని నేను వద్దన్నది అందుకు కాదు. ఆయన వరస ఆయన లేకుండా వినలేకపోయాను. ఆ మాట పైకి చెప్పలేక ఆచారం మీద పెట్టాను. ఇప్పుడు ఆ నిజమే దానికి చెప్పాను.

నోటుపుస్తకం నా చేతిలోంచి తీసుకుని, "నాకూ గొంతు పెగల్లేదులేమ్మా" అంది.

మరునాడు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పాడించాను. పక్కింటి పిల్లమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం అలివేలమ్మా, సంవత్సరికం అప్పుడే అయిపోయెనా?"

"పరీక్ష ముందొచ్చింది పిల్లమ్మక్కా. ఆయనొచ్చి రాసిపెట్టడు గదా."

"అట్లయితే ఇంకొంచెం గట్టిగా పాడమను. మా ఇంటాయనకు చెవుడు."

గట్టిగా పాడి ఏం లాభం, పరీక్ష హాల్లో నోరెత్తకూడదు. అందుకని రోజుకు కొంచెం గొంతు తగ్గించమన్నాను. పాడుతూనే రాయాలి. నాలుగో రోజుకు గొణుగుడు, ఏడో రోజుకు మూసిన నోట్లోనే రాగం. తొమ్మిదో రోజు ఎడమచేతి వేలు తొడ మీద తాళం వేస్తుంటే, కుడిచెయ్యి రాసుకుంటూ పోయింది.

పరీక్షనాడు కృష్ణగిరిలో కాలేజీ గేటు బయట అరుగు మీద మూడు గంటలు కూర్చున్నాను. తెచ్చిన సద్ది విప్పలేదు.

"పద్యాలు వచ్చినాయా అమ్మా?" అది బయటికి రాగానే అడిగాను.

"ఐదు పద్యాలడిగినారు. నాలుగు నిలవకుండా వచ్చినాయి. తాళం వేస్తా ఉంటే మేడమ్ వచ్చి బెంచీ కింద వంగి చూసింది, చీటీ పెట్టినానని."

"ఐదోది?"

"ఆ పద్యం కాడ నాయన దమ్ము తీసుకుంటాడు చూడు, ఆడ నేనూ నిలిచిపోయినాను. ఇంక రాదనుకున్నా." గొంతు తగ్గింది. "కండ్లు మూసుకుంటి. ఆయన మళ్లా ఎత్తుకున్నట్టే అయింది. రాసేసినానమ్మా."

పాసో ఫెయిలో ఇంకా తెలియదు.

ఇంటికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. శోభన కాళ్లు కడుక్కుని గడప దగ్గర కూర్చుని, ఆ ఐదో పద్యాన్ని పూర్తి గొంతుతో ఎత్తుకుంది. దీపానికి ముందు ఇల్లు ఊడ్వాలి. పొరక తీసుకున్నాను. ఆ చప్పుడు పాట మీద పడుతుందనిపించి, పొరకను గోడకు ఆనించి కింద కూర్చున్నాను. ఆ పూట మా ఇల్లు ఊడ్వలేదు.