యాభై పోగుల పరీక్ష

మా వదిన రెండు కళ్లూ పోవడానికి కారణం నేను. ఈ మాట మా అమ్మా అన్నా ఎన్నడూ ఒప్పుకోలేదు. దాని రాత అన్నారు. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్క గుడ్డి దీపం ముందు పనిచేసినందుకు అన్నారు. చివరికి దిష్టి అని కూడా అన్నారు. నా పేరు తప్ప అన్నీ చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సాకులు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ సాకుల నీడన నేను ఏ శిక్షా లేకుండా బతికాను.

మాది గద్వాలలో నేత ఇల్లు. నాన్న పోయాక అన్న మగ్గం గుంటలో కూర్చుంటేనే నేను హైదరాబాదులో కాలేజీ బెంచీ మీద కూర్చోగలిగాను. వదినది వనపర్తి పక్క పల్లె, అక్కడా నేతవాళ్లే. అచ్చు అతకడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. నేసిన చీర కోసుకున్నాక పాత పడుగు కొసలు, అంటే నిలువు పోగుల చివరలు, మగ్గానికే ఉంటాయి. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టాలి. ఒకటి రెండు కాదు, వేల పోగులు. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. ఆ పని ఆడవాళ్లది. పేరు మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడిది.

మా కాలేజీ చదువంతా ఉర్దూలో. మనస్తత్వశాస్త్రాన్ని నఫ్సియాత్ అనేవాళ్లు. మొదటి ఏడాది పుస్తకంలో ధ్యాస, జ్ఞాపకం, అలవాటు, ఉద్వేగం, ఇలా ఒక్కో అధ్యాయం దాటేకొద్దీ నా కంటికి మనుషులు ఆనడం మానేశారు. ఎవరిని చూసినా నాకు ఉదాహరణే. హాస్టల్లో గంట కొట్టగానే నోరూరే మిత్రుడు ఒక ఉదాహరణ. బల్లిని చూసి బెంచీ ఎక్కేవాడు ఇంకొకటి. అలవాటు అధ్యాయం మీద పెట్టిన పరీక్షలో క్లాసులో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ పొగరుతోనే ఎండాకాలం సెలవులకు రైలు దిగాను.

గడపలోనే వదిన వేళాకోళం మొదలుపెట్టింది.

"ఏం మరిదీ, మనసు సదువు సదువుతున్నవంట. మనసు యాడుంటదో సూపిచ్చిండ్రా?"

"అందరికి ఉంటది వదినా."

"అందరికా? మీ అమ్మక్కూడనా?"

లోపల్నుంచి అమ్మ దగ్గింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెతో నేను కలిసి నవ్విన చివరి నవ్వు అదేనని రాయాలనిపిస్తుంది కానీ అది అబద్ధం. తర్వాత కూడా నవ్వింది. అదే నాకు భరించరాని సంగతి.

నాలుగు రోజుల్లో ఇంట్లో రగులుతున్నది బయటపడింది. వదినకు తలనొప్పి వస్తోంది. నొప్పి ముదిరితే వాంతి. నడుస్తూ ద్వారబంధానికి భుజం కొట్టుకుంటోంది. దీపం చుట్టూ సింగిడి కనిపిస్తోందని చెబుతోంది. ఇంద్రధనుస్సును మా వైపు సింగిడి అంటారు. అంచుకు పట్టుపోగులు అతికేటప్పుడు ఎర్రపోగు ఉండాల్సిన చోట పచ్చపోగు అతికింది, అదీ రెండుసార్లు. కావాలనే పని చెడగొడుతోందని అమ్మ.

అన్న మా వీధి చివర ఉండే ముసలి హకీమును పిలుచుకొచ్చాడు. ఆయన వదినను కళ్లు మూసుకోమని, రెప్పల మీద రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూశాడు. తర్వాత తన కన్ను తాను నొక్కి చూసుకున్నాడు.

"ఆంఖ్ పత్తర్ లెక్క అయింది," అన్నాడు అన్నతో. "కన్ను రాయి లెక్క గట్టిగున్నది బేటా. నా తాన దవా లేదు. జల్ది కర్నూలు తోల్కపో. కండ్ల డాక్టరుకు సూపియ్యి."

నేను ముందుకొచ్చాను. ఎవరూ పిలవకుండానే వచ్చాను.

"హకీం సాబ్, ఇది కన్ను బీమారీ గాదు. మనసుది. మనసుకు ఇష్టం లేకుంటే కన్ను మంచిగున్నా కనపడదు. మా కితాబుల ఉన్నది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మనసుకు రాయి గావాల్నంటే కంట్లెందుకు వెట్టుకుంటది బేటా? నువ్వు కన్ను ముట్టి సూసినవా?"

ముట్టలేదు. ఆరోజు కాదు, ఎన్నడూ ముట్టలేదు. ఆయన వెళ్లిపోయాక ముసలాయనకు చాదస్తమన్నాను.

అబద్ధం చెప్పలేదు నేను. పుస్తకంలో నిజంగానే అలాంటి అధ్యాయం ఉంది. శరీరంలో లోపం లేకపోయినా, మనసు తాళలేని చోట కన్ను చూడటం, కాలు నడవడం మానేయవచ్చని ఉంది. అత్తతో పడదు, పిల్లలు కలగలేదని నలుగురి మాటలు, పొద్దంతా పని. అన్నీ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే అమరాయి. రంగులు తప్పడం కూడా అందులో ఇమిడిపోయింది. ఇష్టంలేని పనిలో మనసే తప్పులు వెతుక్కుంటుందని చెప్పాను. ఏది చూసినా నా మాటకే సాక్ష్యం. నా మాటకు ఎదురు చెప్పగల సాక్ష్యం ఏదైనా ఉందా అని ఒక్క పూట ఆలోచించలేదు. ఆ అధ్యాయం మొదటి వాక్యమే, వైద్యుడు ముందు శరీరాన్ని పూర్తిగా పరీక్షించి జబ్బేమీ లేదని తేల్చాలని. నా నోటుబుక్కులో నా చేతిరాతతోనే ఉంది. కింద గీత కూడా గీశాను. గీసినవాడు చదవలేదు.

అందరి ముందు రుజువు చేస్తానని పరీక్ష పెట్టాను. మగ్గం దగ్గర కొత్త పడుగు సిద్ధంగా ఉంది, చీర ఒడలుకు, అంటే అంచులు కాక మిగిలిన భాగానికి, వేసే తెల్ల నూలు. "వదినా, యాభై పోగులు అతుకు," అన్నాను. ఆమె కూర్చుంది. అమ్మ, అన్న, నేను నిలబడి చూశాం. యాభై పోగులు అతికింది. ఒక్కటి తెగలేదు, ఒక్కటి తప్పలేదు. వెంట్రుకంత సన్నని పోగులు.

"సూస్తిరి గదా," అన్నాను. "కనపడనోళ్లకు ఇది అయితదా?"

"నేను మొదాలే అంటి, వంకలని," అంది అమ్మ.

వదిన నావైపు ముఖం తిప్పింది. "మరిదీ, నా కన్ను నిజంగ మంచిగనే ఉన్నదా?"

"మంచిగుంది వదినా. మనసును జర సముదాయించుకో, అంతే."

ఆమె నమ్మింది. నొప్పి తనదైనా, ఆ నొప్పిని గురించి నా మాట నమ్మింది.

అన్న ఒక్కడే నన్ను బయటికి పిలిచాడు. "రేపు పొద్దుగాల రైలుకు కర్నూలు తోల్కపోదామనుకున్న తమ్మీ. మూట గూడ కట్టిన. జర సోచాయించి చెప్పు. పక్కానా?"

"పక్కా," అన్నాను.

అన్న లోపలికి వెళ్లి మూట విప్పేశాడు. ఎందుకంత తేలిగ్గా విప్పాడని అతని మీద కూడా నాకు కోపమే. పడుగు ఎదురుచూస్తోంది, మగ్గం ఆగకూడదు. నా మాట వాళ్లకు అనుకూలంగా ఉంది. అనుకూలమైన మాటను చదువుకున్నవాడు చెబితే అది శాస్త్రమైపోతుంది.

ఇక్కడితో ఆగినా కొంత నయం. నేను వైద్యం కూడా చెప్పాను. ఫలితం దక్కిన పని మళ్లీ మళ్లీ చేస్తారు, దక్కని పని క్రమంగా మానేస్తారు. ఇది మాకు పాఠం. అందుకని, నొప్పి అన్నప్పుడు ఎవరూ పలకొద్దని, దగ్గరికి పోవద్దని, పని తగ్గించొద్దని ఇంట్లో చెప్పి సెలవులు కాగానే వెళ్లిపోయాను. నేను చెప్పినట్టే చేశారు. ఆమె తల పట్టుకుని గోడకు చేరగిలబడితే ఎవరూ తలతిప్పలేదు.

రెండు నెలలకు అన్న ఉత్తరం రాయించాడు. వదిన ఇప్పుడు నొప్పి అనడం లేదు, నీ ఉపాయం పనిచేసింది అని. ఆ ఉత్తరం హాస్టల్లో నలుగురికి చదివి వినిపించాను. ఒక మనిషి మూలగడం మానేస్తే నయమైనట్టు లెక్క కట్టాను. వినేవాళ్లు లేక మానేసిందన్న ఆలోచన రాని బుద్ధికి మనస్తత్వశాస్త్రం ఎందుకు? ఆ నలుగురూ నన్ను మెచ్చుకున్నారు.

దసరాకు వచ్చాను. పట్టపగలు, తలుపు ముందు నిలబడ్డాను. వదిన వాకిట్లో కూర్చుని ఉంది. నావైపే ముఖం పెట్టి అడిగింది.

"ఎవరు?"

మూడడుగుల దూరంలో ఉన్నాను.

"ఎవరంటే పలకరేంది?"

మరునాడే రైలెక్కించాను. కర్నూలులో డాక్టరు దీపంతో, అద్దాలతో చాలాసేపు చూశాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందన్నాడు. కుడికన్ను ఇక లేదు. ఎడమకంట్లో మిగిలింది సందంత వెలుగు, దాన్ని నిలబెట్టడానికి కోత పెట్టి చూస్తానన్నాడు. ఎండాకాలంలో వచ్చి ఉంటే అని నేను మొదలుపెట్టాను. "వచ్చి ఉంటే చాలామటుకు మిగిలేది," అని ఆయన నా మాట పూర్తిచేశాడు. ఆ సందు కూడా రెండేళ్లకు మూసుకుపోయింది.

కోత అయ్యాక తిరుగు రైలులో, కళ్లకు కట్టుతో కూర్చున్న ఆమెను అడిగాను. "గా దినం యాభై పోగులు ఎట్ల అతికినవ్ వదినా?"

"గదేంది మరిదీ! అతుకనీకి కండ్లెందుకు? పదేండ్లప్పటిసంది అతుకుతున్న. వేళ్లకు తెలుస్తది. కండ్లు మూసుకోని అతుకుత."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వడిగితివా? అతుకుమంటివి, అతికిన."

ధ్యాసతో, చూపుతో పనిలేకుండా చేతులు తమంతట తామే చేసుకుపోయే పనిని అలవాటు అంటారు. ఆ అధ్యాయంలోనే నాకు మొదటి మార్కులు. తెల్లనూలు ఇచ్చాను గనుక రంగుతో అవసరం పడలేదు. కళ్లకు ఒక గుడ్డ కట్టి ఇంకో యాభై అతకమని ఉంటే నిమిషంలో నా శాస్త్రం కూలిపోయేది. గుడ్డల ఇల్లు మాది. ఒక్క గుడ్డ దొరకలేదు నాకు.

ఇంటికి చేరాక అమ్మ ఏడ్చింది. "నువ్వేం జేస్తవు కొడుకా, దాని రాత," అని నన్నే ఓదార్చింది. అన్న తల వంచుకున్నాడు. నాకు అప్పుడు వచ్చినంత కోపం జీవితంలో మళ్లీ రాలేదు. రాత కాదు, నేను, నా వల్లే అని అరిచాను. అరిస్తే ఎవరో ఒకరు తిడతారని ఆశ. అమ్మ నా వీపు నిమరబోయింది.

"ఔ, నీ వల్లనే," అంది వదిన.

అందరం అటు తిరిగాం. ఆమె మంచం పట్టె మీద నిటారుగా కూర్చుని ఉంది.

"హకీం సాబ్ చెప్పె. మా ఆయన మూట గట్టె. నువ్వు విప్పిస్తివి. రాత గీత అంటరేంది? మనిషి చేసిండు." మళ్లీ నాతోనే అంది. "ఇగ ఏడ్పుమొకం వెట్టుకోని నా ముందర కూసోకు. నాకు కనిపియ్యదు, నీకు ఫాయిదా లేదు."

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. తెల్లనూలు చివరిదాకా అతుకుతూనే ఉంది. నాతో వేళాకోళాలాడింది, నా పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. క్షమించానని మాత్రం ఎన్నడూ అనలేదు. అడిగే హక్కు నాకు లేదని తెలిసి నేనూ అడగలేదు.