అస్థిపంజరానికి కట్టిన తువ్వాల

మొన్న మెదక్‌లో ఎముకల డాక్టరు బల్ల మీద ప్లాస్టిక్ కటి ఎముకల నమూనా ఉంటే చేతిలోకి తీసుకున్నాను. చల్లగా తగిలింది. “ఎక్కడ నొప్పి అమ్మా?” అని ఆ యువకుడు అడగగానే నా చెవులు వేడెక్కాయి. నడుమని చెప్పి తప్పించుకోబోయి ఆగాను. ముందువైపు రెండు ఎముకలు కలిసే చోట వేలు పెట్టి చూపించాను. రాత్రి డైరీలో కూడా నడుమని కాక ఆ ఎముక పేరే రాశాను. ఆ మాత్రం తెగువ నాకు సరోజన మేడం వల్ల వచ్చింది.

అప్పట్లో నేను టీచరుగా కొత్తగా చేరిన ఆడపిల్లల బడిలో ఆవిడ సీనియర్ సైన్సు టీచరు. ల్యాబులో నిలువెత్తు అస్థిపంజరం బొమ్మ ఉండేది. దాని నడుముకు ఎవరో ఎప్పుడో ఎర్ర తువ్వాల చుట్టారు. మాసినప్పుడల్లా బడి ఆయమ్మ ఉతికి మళ్ళీ కట్టేది. అందరిలాగే నాకూ అది మర్యాదగానే తోచింది. శ్రోణిమేఖల, అంటే కటి ఎముకల పాఠం చెప్పాల్సిన రోజు, వెనక బెంచీలో మేడం కూర్చుని ఉండగా, నేను తువ్వాల విప్పలేదు. బోర్డు వైపు తిరిగి ఎముకల పేర్లు రాసి, గబగబా తొడ ఎముకకు వెళ్ళిపోయాను. పిల్లలు ముసిముసిగా నవ్వుతుంటే తల ఎత్తలేకపోయాను.

గంట కొట్టాక మేడం దగ్గరికి వచ్చారు. “బోర్డుకు మంచిగ చెప్పినవ్. అది పాసైతది తియ్.”

“నాతోని కాదు మేడం. లెక్కలకు మార్చుమని పెద్దసారును అడుగుత.”

“అడుగు. గని ఒక్కటి చెప్పి పో. చిన్నప్పుడు నీళ్ల బిందె ఏడ పెట్టుకొని తెచ్చినవ్?”

నేను నడుము పక్కన చెయ్యి పెట్టాను.

“జర ఒత్తి చూడు. గట్టిగ తగుల్తుందా? గదే ఇలియం ఎముక. బిందె మోసినప్పుడు లేని సిగ్గు, పేరు చెప్తే ఎందుకే?” ఆవిడ గొంతు తగ్గించారు. “సిగ్గయితే సిగ్గయితుందనే చెప్పు పిల్లలకు. పాఠం మాత్రం ఆపకు.”

మర్నాడు తువ్వాల విప్పబోతే ముడి రాలేదు. “నేను విప్పాల్నా మేడం?” అంది ముందు బెంచీ పిల్ల. క్లాసంతా నవ్వింది. “నాకు సిగ్గవుతోంది. అయినా చెబుతాను,” అన్నాను. నవ్వులు ఆగాయి. బిందె నిలిచే ఎముకను ఎవరికి వారు తడిమి చూసుకున్నారు.

తర్వాత ఒక పిల్ల లేచింది. “గింత సందులకెల్లి బిడ్డ ఎట్ల వస్తది మేడం?”

కాన్పు వేళ ముందు కీలు కాస్త సడలుతుందని, వెనక తోక ఎముక కొంచెం జరుగుతుందని, బిడ్డ పుర్రె ఎముకలు కూడా సర్దుకుంటాయని ఆ ఎముకలు చూపిస్తూ చెప్పాను. చెమటతో జాకెట్టు తడిసింది. ఆ పిల్ల నిలబడే ఉంది. “మా అమ్మకు గింతగనం అయ్యిందా,” అని మెల్లగా కూర్చుంది.

నేను లెక్కలకు మారలేదు.

చాలా ఏళ్ళకు, మేడం రిటైరై మంచాన ఉన్నప్పుడు వెళ్ళి అడిగాను. “మీకు ఆ సిగ్గు ఎప్పుడు పోయింది మేడం?”

“ఏడికి పోతది పిల్లా? గా పాఠం ఉన్న దినం పొద్దున నాకు బువ్వ సయించకపోయేది.”

ధైర్యం కలవాళ్ళకు సిగ్గు ఉండదనుకుని, నాకుందని అన్నేళ్ళూ కుమిలిపోయాను. నా సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు. చెప్పాల్సిన మాట ముందు అది వచ్చి నిలబడితే, నాతో పాటే దాన్నీ ఉండనిచ్చి మాట చెప్పేస్తున్నాను.