స్తంభం వెనక చాప

డ్రిల్లు టీచరుగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను బజ్జీలు వేస్తున్నాను. తలుపు కొట్టింది ఆవిడ తమ్ముడు. ఈ గల్ఫు ఊళ్ళో, నైఫ్ పేటలో మా బిల్డింగు కిందే అతని టైలరు షాపు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా గుమ్మంలో నిలబడిపోయాడు.

“మా ఆపా ల్యాదమ్మా,” అన్నాడు. “నెల్లూరు నుంచి ట్రంకాలొచ్చింది. ఆపరేషన్ అయినాక జొరం తగ్గలా. పొద్దున పోయిందంట.”

ఆపరేషనేమిటి? ఎండాకాలం సెలవులు కదా, ఊరు చూసొస్తానని నెల కిందట నవ్వుతూ వెళ్ళిన మనిషి. పొయ్యి మీద నూనె పొగలు కక్కుతుంటే లోపలికి వెళ్ళి గ్యాసు కట్టేసి వచ్చాను. అతను ఇంకా అక్కడే ఉన్నాడు.

“పోయిన వారం ఫోన్లో మాట్లాడితే, క్లాసు నడస్తా ఉందా అనడిగిందమ్మా. ఉందనే చెప్పినా. మీరే చేయిస్తా ఉండారని చెప్పినా. బో సంతోషపడింది. ఏమనుకోబాకండి.”

నా పేరు మీద అబద్ధం చెప్పినందుకు అతను నన్ను మన్నించమంటున్నాడు! మా ఆడవాళ్ళ వ్యాయామం క్లాసు నడవడం లేదు. ఆవిడ విమానమెక్కిన రోజు నుంచి బడి హాలుకి తాళమే. ఆ తాళం పడటానికి కారణం నేను. తను లేనప్పుడు క్లాసు చేయించమని ఆవిడ నన్ను అడిగారు, నేను కాదన్నాను. అంతే సంగతి. అంత సంతోషం నా తరఫున ఆవిడకి ఎవరో అప్పనంగా ఇచ్చేశారు, నేను ఇక్కడ బజ్జీలు వేసుకుంటూ కూర్చున్నాను.

ఈ ఊళ్ళో ఉన్న మన తెలుగు పిల్లలు చాలామంది ఆవిడ విజిలు విని పెరిగినవాళ్ళే. ఇండియన్ బడిలో డ్రిల్లు టీచరు. పొడుగ్గా ఉండేవారు. సల్వార్ కమీజు మీద ఓణీని అడ్డంగా బిగించి కట్టి, కాళ్ళకి మగవాళ్ళ కాన్వాసు బూట్లు వేసేవారు. చిన్నప్పుడు జిల్లా పరుగుపందెంలో గెలిచానని కొత్తవాళ్ళు కనిపిస్తే చాలు మొదలుపెట్టేవారు. చెప్పినప్పుడల్లా పందెం దూరం కొంచెం పెరిగేది. మేం నాలుగో అంతస్తు, ఆవిడా తమ్ముడి కుటుంబమూ మూడో అంతస్తు.

మొదటిసారి మాట్లాడుకున్నది మెట్ల మీదే. ఆ రోజు లిఫ్టు చెడిపోయింది. రెండు చేతుల్లో కూరల సంచులు, రెండో కాన్పు తర్వాత తగ్గని ఒళ్ళు. రెండో అంతస్తు దాటేసరికి ఊపిరాడక కూలబడ్డాను. అంతకు కొన్నాళ్ళ ముందే క్లినిక్కులో డాక్టరు, షుగరు గుమ్మందాకా వచ్చి నిలబడిందమ్మా, రోజూ నడవండి అన్నాడు. ఎక్కడ నడవను? సాయంత్రమైతే నైఫ్ సందుల్లో అంతా డ్యూటీలు దిగిన మగవాళ్ళే. మా అమ్మకి షుగరుతో కాలు తీసేశారు. ఆ సంగతి తలుచుకుని ఆ మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను.

“ఏందిమే, అట్లా కూలబడ్డావు?” పైనుంచి దిగుతూ అడిగారు ఆవిడ. చెప్పాను. కాలు సంగతి కూడా చెప్పాను. ఆవిడ జాలిపడలేదు. నా సంచులు రెండూ ఒక చేత్తో ఎత్తి, “రేపు సాయంత్రం మసీదులో అసర్ బాంగు ఇచ్చినాక బడికాడికి రా. మా ఆడోళ్ళ క్లాసుండాది,” అని పైకెక్కేశారు. నేను వెనక రొప్పుతూ ఎక్కాను.

బడి అసెంబ్లీ హాలులో వారానికి మూడు సాయంత్రాలు ఆడవాళ్ళకి వ్యాయామం. కిటికీ అద్దాలకి పాత పేపర్లు అంటించి, తలుపు లోపల గడియ పెట్టేవారు. గేటు దగ్గర పఠాన్ వాచ్‌మన్ మగపురుగుని రానిచ్చేవాడు కాదు. ఇన్ని ఏర్పాట్లున్నా నేను తలుపు సందులోంచి తొంగిచూసి వెనక్కి వచ్చేశాను. లోపల ఆడవాళ్ళు ఎగురుతున్నారు. చీర కట్టుకుని, పిన్నీసులు పెట్టుకుని, మా అబ్బాయి బడి బూట్లు తొడుక్కున్న నేను వాళ్ళ మధ్య ఎగరడమా? ఇంటికొచ్చి క్లాసు లేదట అని చెప్పాను. రెండోసారీ అంతే. మూడోసారి తలుపు దగ్గర నుంచి తిరుగుతుంటే గడియ చప్పుడైంది, లోపల నుంచి చెయ్యి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

“ఆ స్తంభం వెనక చాపేసినా. పో. ఎవురూ నిన్ను చూడరు, నేను కూడా చూడను. చేస్తే చెయ్, ల్యాకుంటే పడుకో.”

పడుకున్నాను. నిజంగానే నిద్రపోయాను కూడా. పిల్లల గోల లేని గంట నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. లేచేసరికి క్లాసు అయిపోయింది, ఆవిడ హాలు ఊడుస్తున్నారు. “గురక బాగుండాది,” అన్నారంతే.

తర్వాత్తర్వాత స్తంభం చాటున కాలి వేళ్ళు కదిపాను, చేతులెత్తాను. చీర పోయి, ఆవిడ తమ్ముడు కుట్టిచ్చిన సల్వారు వచ్చింది. క్లాసులో మలయాళీలూ హైదరాబాదు బేగములూ తమిళులూ ఉన్నా, టీచరుగారు లెక్కపెట్టేది తెలుగులోనే. పాలపొడి డబ్బా మీద గరిటెతో కొడుతూ “ఒకటీ... రెండూ...” అనేవారు. అందులో ఒక మోసం ఉంది. ఏడు అన్నాక ఎనిమిది అనకుండా మళ్ళీ ఆరు అనేవారు. అందరూ నోరుమూసుకుని చేసేవాళ్ళు. ఒక రోజు నా తొడలు వణికిపోతుంటే ఉండబట్టలేక స్తంభం వెనక నుంచి అరిచాను, “ఏడు అయిపోయింది టీచరుగారూ!” అని.

డబ్బా ఆగింది. హాలంతా ఇటు తిరిగింది. నేల చీలితే బాగుండుననిపించింది. ఆవిడ గరిటె ఎత్తి పట్టుకుని, “ఓహో! మన స్తంభానికి లెక్కలొచ్చే!” అన్నారు. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను, పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ రోజు నుంచి నాకు ఆ గంట మీద ఆకలి లాంటిది మొదలైంది. చెమట పట్టి, గుండె దడదడలాడి, బయటికి వస్తే ఎండిన చేపల వాసన వేసే ఆ వీధి కూడా బాగుండేది. చాప కూడా రోజూ కొంచెం ఇవతలికి జరుగుతోందని ఆలస్యంగా గమనించాను. నేను రాకముందే వచ్చి ఆవిడే జరిపేవారు. ఒకనాటికి చూసుకుంటే నేను స్తంభానికి పక్కన ఉన్నాను.

భయం తగ్గింది. దాని చోట్లోకి ఇంకోటి వచ్చి కూర్చుంది. మా ఆయన ఊరి చివర అల్ ఖూజ్‌లో స్టోర్‌కీపరు. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చే వేళకి నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకునేది. టీ చుక్క లేకుండా మనిషి కూర్చుని ఉంటే, నేనక్కడ చేతులూపుతూ నవ్వుతున్నానే అని ఒకటే పీకులాట. అందుకని క్లాసు నుంచి రాగానే ఆదరాబాదరాగా ఏదో ఒకటి వేయించేదాన్ని. పూరీలు, గారెలు, మిరపకాయ బజ్జీలు. ఆయనకీ పిల్లలకీ పెట్టి, వాళ్ళతో కూర్చుని నేనూ తినేదాన్ని. మామూలు రోజుల్లో చారన్నంతో సరిపెట్టే ఇంట్లో క్లాసున్న రోజు పండగే. కొన్ని నెలలకి చూసుకుంటే ఒళ్ళు తగ్గకపోగా కొత్త సల్వారు బిగుతైంది!

ఒక సాయంత్రం టీచరుగారు మా ఇంటికొచ్చి వంటింట్లోకి తొంగిచూశారు.

“చుట్టాలొచ్చినారామే?”

“లేదండీ. క్లాసుకొచ్చాను కదా, పాపం వీళ్ళకి వేడివేడిగా ఏమన్నా చేద్దామని.”

“అంటే, క్లాసుకొచ్చినందుకు జరిమానా కడతా ఉండావు!”

ఆవిడ పళ్ళెంలోంచి ఒక బజ్జీ తీసుకుని తిన్నారు, ఇంకోటి కూడా తిన్నారు. “బో రుచిగా ఉండాయి. అదే కదా తంటా,” అన్నారు. తర్వాత నెమ్మదిగా, “ఆ గంట ఎవురిదీ దొంగతనం చేయలా నువ్వు. నీదే అది,” అన్నారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అయినా ఆ తర్వాతి క్లాసు రోజున పకోడీలు వేశాను. బుద్ధి అంత తొందరగా మారుతుందా?

ఆవిడ ఎప్పుడూ లిఫ్టు ఎక్కేవారు కాదు. వ్యాయామం కోసం అనుకునేవాళ్ళం, పిల్లలకి ఆవిడని చూపించి బుద్ధులు కూడా చెప్పేవాళ్ళం. ఒకసారి ఇద్దరం కలిసి మెట్లెక్కుతుంటే గుసగుసగా చెప్పారు. “నాకు లిఫ్టంటే భయంమే. తలుపు మూసుకుంటే గొంతు పట్టేస్తాది. ఎవురికీ చెప్పబాక.” నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. “భయం పోయినాక చేద్దామంటే ఎవురూ ఏం చెయ్యరు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యాల,” అన్నారు. అలాంటి మనిషి నాకోసం ఆ స్తంభాన్ని కనిపెట్టడంలో ఆశ్చర్యమేముంది?

ఊరెళ్ళే ముందు నన్ను హాలులోనే ఆపారు. “రెండు నెలలు క్లాసు నువ్వు చేయించు. తాళంచెవి మా తమ్ముడికాడ పెడతా. ఈ ఎండల్లో ఊరికి పోలేని ఆడోళ్ళకి ఇదొక్కటే గదా ఉండేది.”

“అమ్మో, నావల్ల కాదండీ. ముందు నిలబడితే కాళ్ళు వణుకుతాయి,” అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. “పైగా మా ఆయన ఏమంటారో,” అని కలిపాను. మా ఆయన్ని నేను అడగనే లేదు. అడిగితే సరే అంటారని భయం.

ఆవిడ దేనికైనా నాతో గంట వాదించే రకం. ఆ రోజు వాదించలేదు. బెంచీ మీద కూర్చుని, “సరేలే,” అన్నారు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాను. ఎప్పుడూ కూర్చోని మనిషి కూర్చున్నారే, ఒంట్లో బాగాలేదేమో అని నాకు తట్టలేదు. తట్టి ఉంటే అడిగేదాన్నని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. నమ్మకం మాత్రం కుదరదు.

కబురు చెప్పిన రోజు ఆవిడ తమ్ముడు వెళ్ళబోతుంటే పిలిచి, తాళంచెవి ఇవ్వమన్నాను. అతను ఏమీ అడగకుండా జేబులోంచి తీసిచ్చాడు. క్లాసులో అందరికంటే పాత మనిషి ఒక మలయాళీ నర్సు. ఆమెకి ఫోన్ చేసి, మిగతావాళ్ళకి చెప్పమన్నాను.

మర్నాడు సాయంత్రం నేను బూట్లు వేసుకుంటుంటే మా ఆయన, రోజూకంటే ముందే, బస్సు దిగి వచ్చారు.

“ఇవాళ క్లాసా? ఆవిడ పోయి రెండు రోజులు కాలేదే!”

“వెళ్ళకపోతే వాళ్ళ తమ్ముడు చెప్పింది అబద్ధంగానే మిగిలిపోతుందండీ,” అన్నాను. ఇంకా మాట్లాడితే ఏడుపొస్తుంది.

ఆయన టిఫిను డబ్బా బల్ల మీద పెట్టారు. “వెళ్ళు. టీ నేను పెట్టుకుంటాను. ఇన్నాళ్ళూ నువ్వు వెళ్ళినప్పుడల్లా పెట్టుకునే తాగుతున్నాను, గిన్నె కడిగి పెడుతుంటే నువ్వు చూడలేదు,” అన్నారు. ఇన్ని పూరీలూ గారెలూ నేను ఎవరికోసం వేయించానో నాకప్పుడు అర్థమైంది.

హాలులో అందరూ తలమీద ఓణీలు కప్పుకుని నిలబడ్డారు. చావు కబురు విన్న మర్నాడు ఎగరడం తప్పేమోనని అందరి మొహాల్లోనూ ఉంది. నర్సు కళ్ళు తుడుచుకుని, “శురూ కరో దీదీ,” అని నన్ను మొదలుపెట్టమంది. నేను ముందుకు వెళ్ళాను. కాళ్ళు వణికాయి. వణుకుతూనే డబ్బా మీద గరిటె కొట్టి “ఒకటీ” అన్నాను. రెండు, మూడు. కాసేపటికి ఒళ్ళు వేడెక్కింది, ఊపిరి దారిలో పడింది. నాకు హాయిగా అనిపించింది. ఆవిడ పోయిన మర్నాడు, ఆవిడ నిలబడే చోట నిలబడి, నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను గాని దాచలేను.

ఏడు అన్నాను. తర్వాత నోటికి వచ్చింది ఆరే.

“ఏడు అయిపోయి దీదీ!” అంది నర్సు, వచ్చీరాని తెలుగులో. హాలంతా ఒక్కసారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఎవరో వెక్కారు. తర్వాత అందరం చాపల మీద కూర్చుని ఏడ్చాం, మళ్ళీ లేచి ఎనిమిది దాకా పూర్తిచేశాం.

అప్పటినుంచి క్లాసు మానలేదు. ఆవిడ తమ్ముడి మాట ఇప్పుడు నిజమైంది. ఆవిడ విన్న రోజు మాత్రం అది నిజం కాదు, దాన్ని నేనేం చేసినా మార్చలేను. గిన్నెలు కడుగుతున్నా, డబ్బా కొడుతున్నా ఆ “సరేలే” వినిపిస్తూనే ఉంటుంది.

హాలు తెరవగానే నేను మొదట చేసే పని స్తంభం వెనక చాప వెయ్యడం. చాలారోజులు అది ఖాళీగానే ఉంది. మొన్న క్లాసు మధ్యలో, నేను గడియ పెట్టకుండా వదిలిన తలుపు కిర్రుమంది. ఎవరో గోడవారగా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా వెళ్ళి స్తంభం చాటుకి చేరారు. నేను చూడనట్టే లెక్కపెడుతున్నాను. స్తంభానికి ఇవతలగా రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, మెట్టెలతో. ఒకటి, రెండు, మూడు. పాదాలు కదల్లేదు. నాలుగు అన్నప్పుడు కుడికాలి బొటనవేలు కొంచెం పైకి లేచింది.

నేను మొహం పక్కకి తిప్పేసుకున్నాను.