కార్ల్ అడవి కోసం వేట పరీక్ష

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు నేనూ కార్లూ ఎర్లాంగెన్ స్టేషన్‌కు చేరుకున్నాము. నురెంబర్గ్ వెళ్ళే బండి ఇరవై నిమిషాలు ఆలస్యమని బోర్డు మీద రాశారు. చలి మొదలైంది. మాస్కు లోపల ఊపిరి తడిసి కళ్ళద్దాలు మసకబారుతున్నాయి. బెంచీల మీద సీటు విడిచి సీటుకు కూర్చోవద్దని అంటించిన పసుపు చీటీల వల్ల ఆయన ఒక చివర, నేను ఒక చివర కూర్చోవలసి వచ్చింది.

కార్ల్‌కు డెబ్భై తొమ్మిదేళ్ళు. నేను గీసిన యంత్రాల బొమ్మలను వర్క్‌షాపులో ఇనుముగా మార్పించిన మాస్టర్, అంటే పనివాళ్ళ పెద్ద, ఆయన. ఇద్దరం రిటైరయ్యాక కూడా వారానికి రెండు సాయంత్రాలు ఆయన వేట హక్కున్న అడవికి వెళ్ళి, చెక్క మంచె మీద మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. ఆ అడవి ఆయన సొంతం కాదు. భూములున్న రైతుల సంఘం వేట హక్కును కౌలుకిస్తుంది. కౌలుదారు ఏటా అధికారులు చెప్పినన్ని జింకలను, పందులను కాల్చాలి. అవి పొలాలు పాడుచేస్తే నష్టం కట్టుకోవాలి. రెండేళ్ళుగా కార్ల్ చూపు మందగించింది. పందులు మొక్కజొన్నను దున్నేస్తున్నాయి. నవంబరు సమావేశంలోగా లైసెన్సున్న మనిషిని తోడు చూపించకపోతే మార్చి ఆఖరుతో కౌలు రద్దని సంఘం తేల్చి చెప్పింది. ఆయన పిల్లలకు ఆ ఆసక్తి లేదు. అలా అరవై ఎనిమిదో ఏట నేను వేట పరీక్షకు కూర్చున్నాను.

ఈ దారిలో వచ్చేవారి కోసం వివరాలు రాస్తున్నాను. ముందు కోర్సు చేయాలి. జంతువులు, చెట్లు, కుక్కలు, చట్టం, తుపాకులు, మాంసం శుభ్రత, అన్నీ చదవాలి. కరోనా వల్ల మా తరగతులు చలికాలమంతా కంప్యూటర్ తెర మీదే జరిగాయి. జింక దవడ చూసి వయసు చెప్పడం కూడా తెర మీదే నేర్చుకున్నాను. తర్వాత రాత పరీక్ష, మౌఖికం, తుపాకి పట్టే తీరు, గురి. అన్నీ నెగ్గాక వేటగాళ్ళ బీమా పత్రం, ఫొటో, రుసుము తీసుకుని జిల్లా కార్యాలయానికి పోవాలి. పాత కేసులేమీ లేవని వాళ్ళు విచారించుకుని లైసెన్సిస్తారు. తుపాకి కొంటే తాళం వేసే ఉక్కు బీరువా ఉండాలి. నేను రాత పరీక్ష, మౌఖికం వేసవిలోనే నెగ్గాను. మిగిలిన భాగం మా దగ్గర రెండుసార్లు వాయిదా పడింది. చివరికి ఇంగోల్‌స్టాట్ అవతల ఒక పల్లెలో ఖాళీ దొరికింది.

నురెంబర్గ్‌లో బండి మారాము. సీటు దొరికేసరికి నా భార్య వసంత ఫోన్ చేసింది.

"ఇంట్లో దోమను కొట్టమంటే కిటికీ తీసి పంపించే మనిషి, అక్కడ పందిని కొడతారా?"

"పంది కాదు, కాగితం మీద పంది బొమ్మ."

"సరే, బొమ్మనే కొట్టి రండి. పులిహోర డబ్బా సంచిలో అడుగున ఉంది. కార్ల్ గారికి ముందు పెట్టండి."

ఫోన్ పెట్టేశాక అవతలి వరుసలోని కుర్రాడు నా వైపు తిరిగాడు. పేరు ప్రవీణ్, కరీంనగర్ వాడు, ఇంగోల్‌స్టాట్‌లో మోటారు కార్ల సాఫ్ట్‌వేర్ పని.

"అంకుల్, తెలుగేనా? ఏడికి పోతున్నరు?"

చెప్పాను. అతను మాస్కు సర్దుకుని కార్ల్‌ను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"నాకు ఇంటి అడ్రస్ నమోదు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కు టైమ్ దొరకనీకే నెలలు పట్టింది అంకుల్. మీకు డైరెక్ట్ తుపాకే ఇస్తున్నరా?"

"ఇంకా ఇవ్వలేదు. రేపు పరీక్ష."

"పాసైతే చెప్పున్రి. మా లాండ్‌లార్డ్‌ను జర బెదిరియ్యాలె."

దాన్ని జర్మన్‌లోకి మార్చి చెబితే, ఇంటి యజమానుల వేటకు ఏడాది పొడవునా అనుమతి లేదని కార్ల్ బదులిచ్చాడు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంగోల్‌స్టాట్‌లో దిగి పల్లె బస్సు కోసం గంటకు పైగా నిలబడ్డాము. స్టేషన్ కాఫీ దుకాణంలో కూర్చోనివ్వలేదు. కాగితపు కప్పుతో బయటికి పంపారు. సాయంత్రం బసకు చేరేసరికి నా మోకాళ్ళు మొరాయించాయి. యజమానురాలు మా టీకా పత్రాలు, గుర్తింపు కార్డులు రెండుసార్లు చూసింది. భోజనానికి పుట్టగొడుగుల పులుసుతో రొట్టె ఉండలు మాత్రమే ఉన్నాయంది. వంటమనిషి క్వారంటైన్‌లో ఉన్నాడట. గది శుభ్రంగా ఉంది, వెచ్చగా లేదు. కార్ల్ పులిహోర తిని, తన కోటు తీసి నా దుప్పటి మీద కప్పాడు.

"రావ్, రేపు తొందరపడకు. తుపాకి మూతి ఎటుందో అదొక్కటే చూసుకో."

"ఆ మాట కోర్సంతా విన్నాను."

"మళ్ళీ విను."

శనివారం ఉదయం షూటింగ్ మైదానానికి రెండు కిలోమీటర్లు నడిచాము. కార్ల్‌ను గేటు లోపలికి రానివ్వలేదు. అభ్యర్థులు తప్ప ఎవరూ రాకూడదని కరోనా నిబంధన. ఆయన కంచె బయట దుంగ మీద కూర్చున్నాడు. మా చేతులకు మందు చల్లి, మనిషికీ మనిషికీ మధ్య దూరం కొలిచి నిలబెట్టారు.

గురి పరీక్ష బాగా జరిగింది. కాగితపు జింకకు గుండె ఉండే చోటే తగిలింది. పట్టాల మీద పరుగెత్తే పంది బొమ్మకు కూడా కావలసినన్ని తూటాలు తగిలాయి. కంచె వైపు చూసి తలూపాను. కార్ల్ టోపీ ఎత్తాడు.

మిగిలింది తుపాకి పట్టే తీరు. ముగ్గురు పరీక్షకుల్లో పెద్దావిడ అడవి శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. తూటాలు నింపమంది, తీయమంది, మంచె ఎక్కేటప్పుడు ఎలా మోస్తారని అడిగింది. అన్నీ చేశాను. చివరికి మోకాలెత్తు తీగ కంచె చూపించి దాటమంది. తూటాలు తీసి, తూటా ఉండే గది ఖాళీ అని చూపించి, తుపాకిని కంచె కింద నుంచి అవతలికి జరిపి, మూతి పక్కకు తిప్పి గడ్డి మీద పెట్టి, నేను దాటాలి. అలాగే చేశాను. రెండో కాలు దించేటప్పుడు మోకాలు సహకరించక బూటు తుపాకి వెనకవైపు చెక్క మడమకు తగిలింది. తుపాకి గడ్డి మీద కొంచెం తిరిగింది.

తర్వాతది నేను ఆలోచించి చేసింది కాదు. వంగి, తుపాకిని కుడి చేత్తో తాకి, కళ్ళకద్దుకున్నాను.

తల ఎత్తేసరికి తుపాకి మూతి నా మొహానికి ఎదురుగా ఉంది.

"ఏం చేశారు మీరు?" అంది పెద్దావిడ.

"కాలు తగిలింది. పుస్తకానికైనా, పనిముట్టుకైనా, మనిషికైనా కాలు తగిలితే మేం తాకి కళ్ళకద్దుకుంటాం. క్షమించమని."

పక్కనున్న పరీక్షకుడు గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజుల్లో చేత్తో మొహం కూడా ముట్టుకోకూడదు."

ముగ్గురూ దూరంగా వెళ్ళి మాట్లాడుకున్నారు. పెద్దావిడ తిరిగి వచ్చింది.

"మీరు చేసింది నాకు నచ్చింది. కానీ మీ మొహం తుపాకి మూతి ముందుకొచ్చింది. అది ఖాళీ అయినా నిండుగా ఉన్నట్టే చూడాలి. ఈ భాగం తప్పారు. మార్చిలో మళ్ళీ రండి."

ఆమె తీర్పులో తప్పు లేదు. ఆ మాట అక్కడే అన్నాను.

గేటు బయటికి వచ్చి కార్ల్‌కు చెప్పాను. ఆయన చాలాసేపు నా బూట్ల వైపు చూశాడు.

"వర్క్‌షాపులో ఆ కొలిచే పరికరం, మైక్రోమీటర్, గుర్తుందా? నువ్వు పనిలో చేరిన కొత్తలో కాలికి తగిలితే ఇలాగే చేశావు. దానికి దెబ్బ తగిలిందేమోనని నేను కొలిచి చూశాను."

"నవంబరుకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, కార్ల్."

"లేదు," అన్నాడు.

బస్సు మధ్యాహ్నం దాకా లేదు. ఆ దుంగ మీదే కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాము. చల్లగా గట్టిపడిపోయింది. తిన్నాక కార్ల్ ఫోన్ తీసి రైతుల సంఘం పెద్దకు చేశాడు. వాతావరణం అడిగాడు, ఆయన మోకాలి ఆపరేషన్ సంగతి అడిగాడు. తర్వాత కౌలు తానే వదులుకుంటున్నానని చెప్పాడు. మార్చి ఆఖరుకు మంచె మీది గది తాళాలు ఇస్తానన్నాడు. ఫోన్ పెట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చలికి మసకబారాయి కాబోలనుకుని నేను అటు చూడలేదు.

ఇంగోల్‌స్టాట్‌లో సాయంత్రం నాలుగు దాటాక బండి దొరికింది. శనివారం గుంపు, కూర్చున్నవారికంటే నిలబడ్డవారే ఎక్కువ. మా ఇద్దరికీ ఎదురెదురు సీట్లు దొరకడం అదృష్టం. సొరంగాల్లో చెవులు మూసుకుపోయాయి. కిండింగ్ స్టేషన్ దాటాక కార్ల్ అడిగాడు.

"మార్చిలో వెళ్తావుగా?"

"ఏ అడవి కోసం?"

"ఏదో ఒకటి. లైసెన్సున్నవాడిని ఎవరో ఒకరు పిలుస్తారు. ప్రతి ఊళ్ళోనూ పందులున్నాయి. నువ్వు మంచె ఎక్కు, పక్కన నేను కూర్చుంటా. చూడడానికి లైసెన్సు అక్కర్లేదు."

"నీ కళ్ళకు కనబడవుగా."

"వినబడతాయి."

కొత్తగా వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. బస ముందే మాట్లాడుకోండి, ఉన్ని దుప్పటి తీసుకెళ్ళండి, శనివారం పల్లె బస్సును నమ్మకండి, కంచె దాటేటప్పుడు తుపాకిని కాలికి అందనంత దూరంలో పెట్టండి. ఇవన్నీ ఆ రాత్రి ఇంటికి చేరి డైరీలో రాసుకున్నవే. అరవై ఎనిమిదేళ్ళ అలవాటును మార్చిలోగా ఎలా మానాలో మాత్రం ఏ కోర్సులోనూ చెప్పలేదు.

నురెంబర్గ్‌లో దిగడానికి లేస్తుంటే కార్ల్ నన్ను ఆపాడు.

"సోమవారం నుంచి మా ఇంటి పెరట్లో ప్రాక్టీసు. కర్ర ఒకటి గడ్డి మీద పెడతాను. నువ్వు తన్నాలి. తన్ని ఊరుకోవాలి."

"తన్నడం వస్తుంది, కార్ల్."

"తెలుసు," అన్నాడు ఆయన, సంచి భుజానికి వేసుకుంటూ. "రెండోదాని కోసమే."