డాక్టరమ్మ గారి పచ్చకప్ప

కర్నూలు నుంచి నంద్యాలకు బస్సులో పోతున్నప్పుడు నన్ను చూసి పక్కవాళ్ళు నవ్వుకునే సందర్భం ఏడాదికి ఒకసారైనా వస్తుంది. కోతలైపోయిన రోజుల్లో రైతులు రోడ్డు మీద కొర్ర వెన్నులు పరుస్తారు, వచ్చేపోయే బండ్ల చక్రాల కింద గింజ రాలుతుందని. బస్సు వాటి మీదికి ఎక్కగానే కింద నుంచి గరగరమని చప్పుడు, వెంటనే కిటికీలోంచి ఎండుగడ్డి వాసన, ముక్కులో నూగు. అంతే, నా రెండు కాళ్ళూ వాటంతట అవే పైకి లేస్తాయి. యాభై దాటిన హెడ్ నర్సు సీటు మీద కాళ్ళు ముడుచుకొని కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకోవాలి? మొన్న పక్కనున్న ఆమె "తేలేమన్నా ఉండాదా అక్కా?" అని తనూ కాళ్ళు ఎత్తుకుంది. తేలు కాదమ్మా, రాయి అన్నాను. బస్సులో రాయేమిటని ఆమె నన్ను అనుమానంగా చూసింది. నంద్యాల వచ్చేదాకా ఆమెకు సుభద్రమ్మ గారి సంగతి చెబుతూనే ఉన్నాను, అయినా సగమే అయింది. పాపం, ఆమె దిగి బతికిపోయింది. మీకు మాత్రం మొత్తం చెబుతాను.

డాక్టర్ సుభద్రమ్మ గారి దగ్గర నేను నర్సుగా చేరింది కడపలో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో. నాకు ఇరవై ఏళ్ళు, ఆమెకు యాభై పైనే. మద్రాసులో చదువుకొని సొంతూరికి తిరిగొచ్చి కాన్పుల ఆస్పత్రి పెట్టుకున్నారు. పొట్టి మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, పెద్ద గొంతు. బజారులో ఎవరైనా దారికి అడ్డం నిలబడితే "నీకు బొడ్డు కోసింది నేనేరా, నా ముందర మీసం తిప్పుతాండావా?" అనేవారు. ఆమెకు ప్రాణం ఒక పాత కారు. పందేలకు చేసిన రకం అది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, దాని మూత ఊడకుండా ఒక తోలు పటకా, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. ఊరు వదిలిపోతున్న ఒక దొర దగ్గర ఆమె కొనేటప్పటికే దానికి పదేళ్ళు. కడుపు నేలకు జానెడు ఎత్తులో ఉండేది. ఆకుపచ్చ రంగు, ముందు రెండు ఉబ్బెత్తు దీపాలు, గుంతల్లో గెంతుతూ పోయే తీరు చూసి కడప కడపంతా దాన్ని 'డాక్టరమ్మ కప్ప' అనేది. ఆమె నొచ్చుకోలేదు సరిగదా, "కప్ప అరిస్తే వాన వస్తాది. మన సీమకు అంతకంటే ఏం కావల్ల?" అనేవారు. ఆదివారం పొద్దున్నే కొంగు నడుముకు దోపుకొని తానే దాన్ని కడిగేవారు. మా తలలకు సీకాయ, దానికి కుంకుడుకాయ.

ఒక ఆదివారం అలా కడగడం అయ్యాక తడిచేతులతోనే నన్ను పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోమన్నారు. నేర్చుకో అన్నారు. ఎందుకండీ అన్నాను. "సూది గుచ్చేది నేర్చుకునేటప్పుడు ఎందుకని అడిగినావా?" అన్నారు. నర్సు ఉద్యోగమే గొప్పనుకున్న మా అమ్మకు ఈ కబురు తెలిసి వారం రోజులు అన్నం సయించలేదు. నాకు మాత్రం ఆకలి రెట్టింపయింది. పెన్న ఒడ్డున ఖాళీ బీడులో తిప్పించి తిప్పించి, రెండు నెలలకు రాజంపేట రోడ్డు మీద వదిలారు. అప్పటికి నాకు కాస్త తలకెక్కింది కూడా. ఎద్దుల బండి వాళ్ళు పక్కకు తప్పుకొని నోరు తెరుచుకొని చూస్తుంటే హారన్ అవసరం లేకపోయినా కొట్టేదాన్ని.

ఆ రోజు ఒంటిమిట్ట అవతల ఒక పల్లెలో కవలల కాన్పు చేసి పొద్దెక్కాక తిరిగి వస్తున్నాం. తల్లీ బిడ్డలూ క్షేమం. ఇద్దరం మంచి హుషారు మీద ఉన్నాం. ముందురోజు అకాల వానకు కళ్ళాలు బురదైపోవడంతో అక్కడి ఊరివాళ్ళు కొర్రలు తెచ్చి రోడ్డు మీద పరిచారు. బండ్లు పక్కనుంచి తప్పించుకోకుండా ఖాళీగా ఉన్న సగం రోడ్డుకు రాళ్ళు అడ్డం పెట్టారు. ఓబులమ్మ అనే రైతమ్మ చేట ఊపుతూ ఎదురొచ్చింది. "మెల్లిగ గాదు పాపా, జోరుగ తోలు! గింజ రాలల్ల!" అంది. ఆ మాట చాలు నాకు. కాలు గట్టిగా నొక్కాను. నాలుగు బారలు పోయామో లేదో, ధన్‌మని కింద నుంచి ఒక దెబ్బ. అరికాళ్ళు జివ్వుమన్నాయి. భయంతో స్విచ్చి తిప్పి ఇంజను ఆపేశాను. దిగి చూస్తే కారు కింద నుంచి నల్లటి నూనె కారి కొర్రల్లోకి ఇంకుతోంది. గాలికి వెన్నులు ఎగిరిపోతున్నాయని పొద్దున ఓబులమ్మే ఒక రాయి బరువు పెట్టి, ఆ తర్వాత గడ్డి తిరగేస్తూ దాన్ని కప్పేసి మరిచిపోయింది.

సుభద్రమ్మ గారు రోడ్డు మీద వెల్లకిలా పడుకొని కారు కిందికి జరిగిపోయారు. బయట పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఇక్కడ ఓబులమ్మ నెత్తి కొట్టుకుంటోంది. "నా చేతులిరగ, రాయి పెట్టింది నేనే తల్లీ!" అని ఆమె, తోలింది నేను అని నేను. తప్పు నాదంటే నాదని ఇద్దరం పోటీలు పడి ఏడుస్తున్నాం. కారు కింద నుంచి గొంతు వచ్చింది. "ఇద్దురూ ఏడ్చేది ఆపి సట్టి ఒకటి తెండి! నూనె పట్టల్ల!" ఓబులమ్మ పరుగెత్తింది. కాసేపటికి సుభద్రమ్మ గారు నుదుటి మీద బొట్టు పక్కన నూనె మరకతో బయటికి వచ్చారు.

"ఇంజను ఎవురు ఆపినారు?"

"నేనేనండీ."

"ఎప్పుడు?"

"దెబ్బ తగలంగానే."

"బతికించినావు. గుండెకేం గాలేదు, కడుపే చిరిగింది. కడుపులు కుట్టడం మనకు కొత్తా?"

అంత మంచి మాట విని కూడా నాకు ఏడుపు ఆగలేదు. "నేనింక దీన్ని ముట్టను డాక్టరమ్మా" అన్నాను. మొండిగానే అన్నాను. ఆమె నా చేతికి తువ్వాలు ఇచ్చి ముఖం తుడుచుకోమన్నారు. ఓబులమ్మ తన ఎద్దులను కారుకు కట్టి ఊళ్ళోకి లాక్కుపోయింది. ముందు ఎద్దులు, వెనక ఊరుఊరంతా, మధ్యలో కప్ప. ఎవరో ముసలాయన దారిలో దండం కూడా పెట్టాడు.

మా ఆస్పత్రిలో సుభద్రమ్మ గారు పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. ఏ కేసు ఎవరు పట్టుకున్నారో వాళ్ళే కుట్లు విప్పేదాకా చూడాలి, మధ్యలో ఇంకొకరికి అప్పగించి తప్పుకోకూడదు. ఓబులమ్మ కొట్టంలో ఆమె ఆ కట్టుబాటును కారుకు కూడా వర్తింపజేశారు. తాను రోలు బోర్లించుకొని కూర్చున్నారు, పానా నా చేతికిచ్చి కిందికి పొమ్మన్నారు. ఒక్కొక్క బోల్టూ ఊడదీసి ఇంజను అడుగున ఉండే నూనె తొట్టిని దించాను. రేకు తొట్టి అది, మధ్యలో సొట్ట, సొట్టలో వేలెడు చిరుగు. దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకొని సర్వీసు బస్సులో కడపకు బయల్దేరాను. నా తెల్లచీర, ఒళ్ళో మూట చూసి కండక్టరు "మొగబిడ్డా, ఆడబిడ్డా అమ్మా?" అన్నాడు. దుప్పటి కొంచెం తొలగించి చూపించాను. ఆయన మళ్ళీ నా వైపు రాలేదు.

కడపలో కారు పని తెలిసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నా వాళ్ళ దగ్గరికి పోతే కొత్త తొట్టి మద్రాసు నుంచి రావాలంటారని, నేరుగా ఖాసిం సాయిబు దగ్గరికి పొమ్మన్నారు సుభద్రమ్మ గారు. ఆయన పెళ్ళిళ్ళకు వండే గుండిగలు, రాగి బిందెలు చేసి, పాతవి అతికే పనివాడు. కారు సామాను ముట్టి ఎరగడు. తొట్టిని తిప్పి తిప్పి చూసి, వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గి విన్నాడు.

"ఇది ఏం పాత్రమ్మా?"

"ఇంజనుకు నూనె తొట్టి. అందులో నూనె కాగుతుంటుంది."

"నూనె కాగేదంటే మూకుడే గదా!" అని ఊపిరి తేలిగ్గా వదిలాడు. "మూకుడు అతికేదానికి నాకు ఒకరు చెప్పల్నా? కూర్చో బిడ్డా."

మాటంత తేలిక కాదు పని. బొగ్గుల మీద పెట్టి పాత నూనె జిడ్డంతా కాల్చేశాడు. కొయ్య మొద్దు మీద బోర్లించి సొట్ట తీశాడు. ఆయన దెబ్బ వేస్తుంటే చప్పుడు కూడా మెత్తగా ఉండేది. రాగి రేకు ముక్క కోసి చిరుగు మీద పరిచి, అతుకు పట్టేందుకు వెలిగారం, ఇత్తడి పొడి చల్లి, కొలిమి ఊదించాడు. ఇత్తడి కరిగి అంచు వెంట సన్నగా పరుచుకుంది. చల్లారాక తొట్టికి బయటంతా సున్నం పూసి లోపల కిరసనాయిలు పోశాడు. "నీళ్ళకు దొరకని సందు దీనికి దొరుకుతాది" అన్నాడు. మేమిద్దరం దాని ముందు కూర్చున్నాం. అతుకు దగ్గర సున్నం తెల్లగానే ఉంది. అవతలి మూల మాత్రం ఆవగింజంత తడి కనిపించింది. నా ప్రాణం ఉసూరుమంది. సాయిబు మాత్రం పెళ్ళికొడుకులా నవ్వాడు. "చూస్తివా, దొంగ ఈడ దాక్కోనుండాడు! మన ముందర బయటపడినాడు, రోడ్డు మీద పడింటే ఏం చేస్తాంటిమి?" అని మళ్ళీ కొలిమి రాజేశాడు. మరునాటికి సున్నం ఎక్కడా తడవలేదు.

తొట్టితో పల్లెకు తిరిగి పోయేటప్పుడు, ఈలోగా బస్సులో కడపకు వచ్చి ఆస్పత్రి చూసుకుంటున్న సుభద్రమ్మ గారూ నాతో వచ్చారు. తొట్టికీ ఇంజనుకూ మధ్య వేసే అట్ట చిరిగిపోయింది. ఆస్పత్రి ఫైలు అట్ట ఒకటి ఆముదంలో నానబెట్టి, ఆపరేషను కత్తెరతో ఆమే కత్తిరించారు. అంత చక్కటి కోత నేను ఆమె చేతిలో కూడా అరుదుగా చూశాను. బోల్టులన్నీ నేనే బిగించాను. నూనె పోశాక ఓబులమ్మ కిందికి దూరి అరచేత్తో తడిమి వాసన చూసి, "పొడిగుండాది!" అని అరిచింది. ఇంజను తిప్పితే కప్ప ఒక దగ్గు దగ్గి అందుకుంది. కొట్టంలోని ఎద్దులు బెదిరాయి, పిల్లలు కేకలు పెట్టారు, నేను ఓబులమ్మను కావలించుకున్నాను. ఇంతలో సుభద్రమ్మ గారు పోయి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు.

"నేను ముట్టనన్నాను గదండీ" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కమలా, రెండేండ్లుగా పొద్దు వాలితే నాకు రోడ్డు కనపడదు. ఎవురికీ చెప్పలేదు. బిడ్డలు పొద్దు చూసుకోని పుట్టరు గదా. నువ్వు తోలకుంటే దీన్ని అమ్మేస్తా, నేను కడప దాటను. ఈ పల్లెలకు మంత్రసాని ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. బలవంతం లేదు, చెప్పు."

ఎందుకు నేర్చుకోమన్నారో అప్పుడు తెలిసింది. ఓబులమ్మ నా దగ్గరికొచ్చి, "నా కోడలికి నెలలు నిండుతాండాయి పాపా. తోలు. రాళ్ళ సంగతి నేను చూసుకుంటా" అంది. చెప్పినట్టే ఊళ్ళో ఆడవాళ్ళను పది మందిని పోగేసి రోడ్డు మీదికి పోయింది. అడ్డం పెట్టిన రాళ్ళన్నీ తీసేయించింది. కారుకు ముందు వరసగా నడుస్తూ కర్రలతో కొర్రల గడ్డి అంతా తిరగేసి, గులకరాయి కనబడినా చేలోకి విసిరేశారు. వాళ్ళ వెనక నడక వేగంతో, వణికే కాళ్ళతో, అదే దారి మీద నేను కారు తోలాను. చివరిదాకా పోయాక ఓబులమ్మ వెనక్కి తిరిగి, "ఇంకొక్క తూరి రా పాపా, సగమే రాలినాది!" అంది. అందరం విరగబడి నవ్వాం. ఆ సాయంత్రం ఆ రోడ్డు మీద ఆరుసార్లు తిరిగాను. ఆరోసారికి నా కాళ్ళు వణకడం మానేశాయి.

తిరుగు ప్రయాణంలో మసక పడింది. దీపాలు వేశాను. ఒంటిమిట్ట దాటాక పక్క నుంచి సన్నగా గురక వినిపించింది. సుభద్రమ్మ గారు తల వెనక్కి వాల్చి, కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకొని నిద్రపోతున్నారు. ప్రాణంలాంటి కారును మూడు రోజుల కిందట చీల్చిన మనిషి చేతిలో పెట్టి, చీకటి పడే వేళ నిద్రపోతున్నారు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ రోడ్డు కనబడాలి గనక ఆపుకున్నాను. కడప దాకా ఆ గురక ఆగలేదు. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ, దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది దాకా, ఆ కారును నేనే తోలాను. ఓబులమ్మ కోడలి కాన్పుకు మేం పోయింది కూడా అందులోనే, అదీ పొద్దు వాలాకే.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లల్లో ఎవరైనా పొరపాటు చేసి ఏడుస్తూ వస్తే, మరునాడు అదే పని ఆ పిల్లకే ఇస్తాను. ఇచ్చి, పక్కన కుర్చీలో కూర్చొని కళ్ళు మూసుకుంటాను. చెవులు మాత్రం పనిముట్ల ప్రతి చప్పుడూ వింటుంటాయి, చేతులు కుర్చీని పట్టుకొని ఉంటాయి. ఒకసారి అలా కూర్చున్నప్పుడే నాకు తట్టింది, ఆ సాయంత్రం సుభద్రమ్మ గారు ఒక్క క్షణం కూడా నిద్రపోలేదని. ఆ కళ్ళు మూసుకోవడం నేను బాగానే నేర్చుకున్నాను. గురక మాత్రం నాకు ఇంకా ఆమెలా రావడం లేదు.